‘మోనోంక్ల్’లో నవ్వు ఎవరి మీద?

మీ ప్రశ్న ఇదీ: జాక్ తాతి 1958లో తీసిన ఫ్రెంచ్ కామెడీ ‘మోనోంక్ల్’ (మా మామయ్య) చూశారు. ఆస్కార్ వచ్చిన సినిమా కదా అని ఆశగా కూర్చున్నారు. తీరా చూస్తే కథ లేదు, మాటలు సగం వినపడవు, హీరో నోరే విప్పడు, ముగింపు కూడా అర్ధాంతరంగా అనిపించింది. పాత పేట మంచిది, కొత్త ఇల్లు చెడ్డది అని చెప్పడానికి దాదాపు రెండు గంటలా, దీనికి ఇంత పేరెందుకు అని అడిగారు.

ముందు ఆ చివరి మాట పట్టుకుంటాను. మిగతా అనుమానాలు కూడా దాని వెనకాలే ఉన్నాయి. ఈ సినిమా కొత్త ఇంటిని వెక్కిరించదు. ఆ ఇంట్లో నలుగురి కళ్ల కోసం కాపురం చేసేవాళ్లను వెక్కిరిస్తుంది. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది కానీ, అది పట్టుబడకపోతే సినిమా మొత్తం ముసలివాళ్ల సణుగుడులాగే వినిపిస్తుంది. అది పట్టుబడాలంటే 1950లలో ఫ్రాన్స్ ఎలా ఉండేదో కొంత తెలియాలి.

సినిమా చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆర్పెల్ దంపతులది పారిస్ శివార్లలో సరికొత్త ఇల్లు. ఆయన ప్లాస్తాక్ అనే ప్లాస్టిక్ గొట్టాల ఫ్యాక్టరీని నడిపే పెద్దమనిషి. ఇంట్లో అన్నిటికీ బటన్లే. గేటుకో బటన్, వంటగదిలో డజను బటన్లు. బడికెళ్లే కొడుకు జెరార్‌కి ఆ ఇంట్లో తోచదు. వాడికి ప్రాణమంతా మేనమామ ఉలో మీదే (ఈ పాత్ర వేసింది తాతే). ఉలోకి ఉద్యోగం లేదు, పెళ్లి కాలేదు. పొట్టి ప్యాంటు, రెయిన్‌కోటు, నోట్లో పైపు, చేతిలో గొడుగు, తిరగడానికి సోలెక్స్ మోపెడ్. ఉండేది పాత పేటలో, ముక్కలు ముక్కలుగా కట్టిన ఓ వంకర మేడ పైభాగంలో. బావమరిది ఇలా తిరగడం ఆర్పెల్‌కి నచ్చదు. తన ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తాడు. ఆవిడేమో పక్కింటావిడతో సంబంధం కుదురుతుందేమోనని తోటలో పార్టీ పెడుతుంది. రెండూ బెడిసికొడతాయి. ఆఖరికి అతన్ని దూరప్రాంతానికి సాగనంపుతారు. ఇంతే కథ.

ఇప్పుడు ఆ తోటలోని చేప సంగతి చూడండి. ఇంటి ముందు నిలువుగా నిలబెట్టిన లోహపు చేప ఒకటి ఉంటుంది, నోట్లోంచి నీళ్లు చిమ్ముతుంది. గేటు దగ్గర బెల్ మోగగానే మదాం ఆర్పెల్ గబగబా స్విచ్ వేస్తుంది. వచ్చింది తోడబుట్టినవాడో, సరుకులు తెచ్చిన కుర్రాడో అని తేలగానే కట్టేస్తుంది. హోదా ఉన్న అతిథి అయితే నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. సినిమా పొడుగునా ఈ చేప గుడగుడలు వినిపిస్తూనే ఉంటాయి. చేప తప్పేం లేదు పాపం. ఎవరి కోసం తిప్పాలి, ఎవరి కోసం అక్కర్లేదు అనే లెక్క ఆవిడది. ఇదే లెక్క ఓసారి ఆవిడకే ఎదురు తిరుగుతుంది. పక్కింటావిడ ఫ్యాషన్‌గా దుప్పటిలాంటి వస్త్రం చుట్టుకుని పలకరించడానికి వస్తే, తివాచీలు అమ్మేదనుకుని గేటు దగ్గర్నుంచే పొమ్మంటుంది!

అదే తోటలో రాళ్లు పరిచిన మెలికల దారి గుర్తుందా? ఇంటావిడ, అతిథి చేతులు చాచి ఒకరి వైపు ఒకరు ఆప్యాయంగా బయల్దేరతారు. దారి మెలిక తిరిగిన చోటల్లా వాళ్లూ తిరగాలి కాబట్టి, ఒకరికొకరు ఎదురుగా రావడానికి బదులు చెరో దిక్కుకి చేతులు చాచి నడుస్తుంటారు. మధ్యలో గులకరాళ్ల మీద అడుగేస్తే చాలు, రెండంగల్లో కలుసుకోవచ్చు. వేయరు. వేయకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. నా మటుకు సినిమాలో అన్నిటికన్నా మంచి హాస్యం ఇదే. ఎవరూ జారిపడరు, ఎవరి నెత్తి మీదా కేకు పడదు.

ఇక ఆ కాలానికి వద్దాం. ఆర్పెల్ ఇల్లు మనకిప్పుడు ఏ విల్లాల ప్రకటనలోనో కనిపించే మామూలు ఇల్లులా ఉంటుంది. అప్పటి ఫ్రెంచ్ ప్రేక్షకుడికి అలా కాదు. 1954 జనాభా లెక్కలు తిరగేస్తే, ఆ దేశంలో నూటికి దాదాపు 58 ఇళ్లకే లోపలికి కుళాయి నీళ్లు వచ్చేవి. లోపల మరుగుదొడ్డి ఉన్నది నాలుగిళ్లలో ఒకదానికి. స్నానానికి టబ్బో షవరో ఉన్నది పదింట ఒక ఇంట్లో. ఫ్రాన్స్ అనగానే మనకు అత్తర్లు, ఫ్యాషన్లు గుర్తొస్తాయి గానీ, యుద్ధం ముగిసిన తర్వాత కూడా అక్కడ రేషన్ కార్డులు 1949 దాకా నడిచాయి. ఇళ్ల కొరత ఎంతగా ఉండేదంటే, 1954 ఫిబ్రవరి 1న అబ్బే ప్యేర్ అనే మతగురువు రేడియోలో మాట్లాడుతూ, ఇంట్లోంచి ఖాళీ చేయించిన నోటీసు చేతిలో పట్టుకుని ఒకావిడ పారిస్ వీధిలో చలికి చచ్చిపోయిందని చెప్పి జనం సాయం కోరాడు. దేశం కదిలిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం శివార్లలో పెద్దపెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాలు కట్టడం వేగం పెంచింది. పారిస్‌కి ఉత్తరాన సార్సెల్‌లో 1955 నుంచి లేచినవి వాటిలో బాగా పేరుపడ్డవి.

ఇటు కొరత ఇలా ఉంటే, అటు ఆశ ఇంకో రకంగా ఉండేది. పారిస్‌లోని గ్రాఁ పాలే భవనంలో ఏటా గృహోపకరణాల ప్రదర్శన జరిగేది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మడత బల్లలు చూడ్డానికి లక్షల మంది వచ్చేవాళ్లు. కొనగలిగేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు చూసి, ఆ కాగితాలు ఇంటికి తీసుకెళ్లి దాచుకునేవాళ్లు. 1950ల నడుమ గాయకుడు, రచయిత బోరిస్ వియాన్ దీని మీదే ఒక వ్యంగ్యపు పాట రాశాడు: వెనకటికి ప్రేమిస్తే మనసు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ఫ్రిజ్జూ స్కూటరూ ఇవ్వాల్సొస్తోందని. 1957లో విమర్శకుడు రోలాన్ బార్త్ వ్యాసాల పుస్తకం వచ్చింది. అందులో ప్లాస్టిక్ మీద ఒక వ్యాసం, కొత్త సిట్రోయెన్ కారు మీద ఒక వ్యాసం ఉన్నాయి. ఆ మరుసటి ఏడాదే ప్లాస్టిక్ గొట్టాల ఫ్యాక్టరీ పెద్దమనిషితో ఈ సినిమా వచ్చింది. ఒకరిని చూసి ఒకరు రాశారని కాదు, ఆ రోజుల్లో అందరి కళ్ల ముందూ అవే వస్తువులు ఉన్నాయి.

ఈ ఉత్సాహమంతా అమెరికా నుంచి వచ్చిన గాలి. యుద్ధంలో దెబ్బతిన్న యూరప్‌ని నిలబెట్టడానికి అమెరికా ఇచ్చిన మార్షల్ ప్లాన్ డబ్బు వచ్చింది. ఫ్రెంచ్ ఫ్యాక్టరీల యజమానులు, ఇంజనీర్లు, కార్మిక సంఘాలవాళ్లు బృందాలుగా అమెరికా వెళ్లి అక్కడి ఉత్పత్తి పద్ధతులు చూసొచ్చారు. 1946లో అమెరికాతో కుదిరిన బ్లుమ్-బర్న్స్ ఒప్పందంతో ఫ్రెంచ్ సినిమా హాళ్లు హాలీవుడ్‌కి బార్లా తెరుచుకున్నాయి. తాతి మొదటి పెద్ద సినిమా ‘జూర్ ద ఫెత్’ (1949) సరిగ్గా దీని మీదే. ఓ పల్లెటూరి పోస్ట్‌మ్యాన్ అమెరికా తపాలా శాఖ వేగం గురించి తిరునాళ్లలో సినిమా చూసి, తన పాత సైకిల్ మీద అంతే వేగం చూపించబోయి నానా తిప్పలు పడతాడు. ‘మోనోంక్ల్’కి వచ్చేసరికి ఆ అమెరికా సరాసరి గరాజ్‌లోకే వచ్చేసింది. ఆర్పెల్ తమ పెళ్లిరోజుకి కొన్న కొత్త కారు షెవ్రోలే. ఇరుకు ఫ్రెంచ్ వీధుల్లో అది ఎంత పెద్దగా కనిపించేదో, ఆ రోడ్ల మీద తిరిగే చిన్న రెనో కార్లను పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంటి విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ విల్లాకి రూపం ఇచ్చింది తాతి స్నేహితుడు, చిత్రకారుడు జాక్ లగ్రాంజ్. ఆర్కిటెక్చర్ పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి, ఒక కిటికీ ఇక్కడినుంచి, ఒక మెట్ల వరస అక్కడినుంచి అతికిస్తూ ఆ ఇంటిని తయారుచేశారు. అంటే అది ఒక ఇల్లు కాదు, మంచి ఇళ్లలోంచి ఏరుకొచ్చిన ముక్కల మూట. పైగా ఆ ముక్కలు 1958కి కొత్తవి కూడా కావు. తెల్లటి గోడలు, చదునైన కప్పు, ముక్కోణాలుగా కోసిన తోట 1920లలో మాలె-స్తెవాన్స్ లాంటి ఆర్కిటెక్టులు కళలంటే చెవికోసుకునే ధనవంతుల కోసం కట్టిన విల్లాల్లో కనిపిస్తాయి. ఇల్లంటే నివసించే యంత్రం అని ఆర్కిటెక్టు లె కొర్బూజ్యే రాసిందీ ఆ దశాబ్దంలోనే. ముప్పయ్యేళ్ల కిందట సాహసం అనిపించుకున్నది ఇప్పుడు గొట్టాల ఫ్యాక్టరీ పెద్దమనిషి ఇంట్లో దర్జాగా మారింది. తాతి నవ్వుతున్నది ఈ దిగుమతి మీద. ఆర్పెల్‌కి ఆ కుర్చీలో కూర్చోవడం ఇబ్బందే, కానీ కూర్చోవాలి. ఉలో ఒక్కడే ఆ వంకర సోఫాని పక్కకి తిప్పి పడేసి హాయిగా నిద్రపోతాడు. అంటే ఆ వస్తువుకి ఒక ఉపయోగం కనిపెట్టింది కూడా అతనే.

(ఆ విల్లాని నీస్‌లోని విక్తొరీన్ స్టూడియోలో సెట్‌గా వేసి, షూటింగ్ అయ్యాక పడగొట్టేశారు. వెక్కిరించడానికి కట్టిన ఇల్లు తర్వాత డిజైన్ ప్రియులకు ముద్దొచ్చింది. 2009లో పారిస్‌లో దాన్ని నిలువెత్తున మళ్లీ కట్టి ప్రదర్శించారు. 2014లో వెనిస్ ఆర్కిటెక్చర్ బియెన్నాలే అనే అంతర్జాతీయ ప్రదర్శనలో ఫ్రాన్స్ వాళ్ల పెవిలియన్‌లో దాని నమూనా పెట్టారు. ఆ ఫర్నిచర్‌ని నిజంగానే తయారుచేసి అమ్మారు. మదాం ఆర్పెల్ వింటే చేప స్విచ్ వేసేది.)

“అయితే పాత పేటని మాత్రం స్వర్గంలా చూపించాడుగా” అంటారా? మళ్లీ చూడండి. అక్కడ వీధి ఊడ్చేవాడు సినిమా మొత్తం మీద తన ముందున్న చెత్తకుప్పని ఎత్తనే ఎత్తడు. చీపురు ఆనించుకుని ఎవరితోనో కబుర్లాడుతూనే ఉంటాడు. పిల్లలకు చక్కెర అద్దిన బూరెల్లాంటివి అమ్మే మనిషి శుభ్రత సంగతి మీరే చూశారు. బజారులో తగాదాలకు మొదలూ తుదీ ఉండవు. పేదరికం ఉంది, పాతబడ్డ గోడలున్నాయి. ఉలో తన గదికి చేరాలంటే ఇంటి చుట్టూ తిరిగి, మెట్లెక్కి, దిగి, మళ్లీ ఎక్కాలి. కిటికీల్లోంచి ముక్కలు ముక్కలుగా కనపడుతూ పైకి పోతాడు. మధ్యలో ఇంకొకరి గడప దగ్గర పక్కకి తప్పుకోవాలి. సుఖమైన ఏర్పాటేమీ కాదు. అయితే ఆ మెట్ల మీద మనుషులు ఒకరికొకరు ఎదురవుతారు. ఆర్పెల్ ఇంట్లో “అన్ని గదులూ ఒకదాన్లోంచి ఒకదాన్లోకి కలుస్తాయి” అని ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, అక్కడ తండ్రీ కొడుకులు మాత్రం కలవరు.

ఆ పేటని ఎక్కడ తీశారంటే పారిస్ పక్కనున్న సెం-మోర్ అనే ఊళ్లో. ఉలో ఉండే మేడ కూడా అక్కడ అమర్చిన సెట్టే. అంటే మనం పాతదనుకుని బెంగపడేది కూడా కట్టించిన బొమ్మే. తాతికి ఇది తెలియక కాదు. రెండు పేటలకూ మధ్య ఒక కూలిన ఇటుక గోడ ఉంటుంది. ఉలో అటూ ఇటూ దాటుతూ, ఓసారి పొరపాటున ఒక ఇటుక కదిలిస్తే, దాన్ని మళ్లీ జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి వెళతాడు. ఎవరికీ పనికిరాని శిథిలానికి అంత మర్యాద చేసే మనిషిని చూసి నవ్వొస్తుంది. పాతకాలం మీద మోజు ఎంత అమాయకమైందో తాతికి బాగానే తెలుసనడానికి నాకు ఆ ఒక్క షాట్ చాలు.

మీరన్న ఆక్షేపణ కొత్తది కాదు, అప్పుడే వచ్చింది. ఆ సంవత్సరాల్లో ఫ్రాన్స్‌లో ప్యేర్ పుజాద్ అనే స్టేషనరీ దుకాణదారు చిన్న వ్యాపారులను కూడగట్టి పన్నులకు, పెద్ద దుకాణాలకు, మారుతున్న కాలానికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపాడు. 1956 ఎన్నికల్లో అతని పార్టీ 50కి పైగా సీట్లు గెలిచింది. కాబట్టి పాత దుకాణాల వీధిని ప్రేమగా చూపించిన సినిమా మీద పుజాద్ ముద్ర వేయడం విమర్శకులకు తేలికైంది. దానికి తాతి చెప్పిన సమాధానం సారాంశం ఏమిటంటే, కొత్త కట్టడాలకు తాను శత్రువు కాదు, కాకపోతే కట్టడానికి అనుమతి ఇచ్చినట్టే అందులో ఉండటానికీ ఒక అనుమతి ఇస్తే బాగుంటుంది అని. చమత్కారంగా తప్పించుకున్నాడనే అనిపిస్తుంది. విమర్శలో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. పాత పేటలో పనికి పోయి అలసిపోయి వచ్చేవాళ్లు దాదాపు కనపడరు. నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్లు కనపడరు. ఆ కాలంలో నిజంగా నీళ్లు మోసిన ఫ్రెంచ్ ఇల్లాలికి మదాం ఆర్పెల్ వంటగది నవ్వులాట అనిపించి ఉంటుందా? నాకైతే అనుమానమే. ఆవిడ పాత్రని కొంచెం నిర్దయగా రాశారు. ఆయన ఫ్యాక్టరీకి పోతాడు, ఆవిడ రోజంతా ఆ ఇంటిని తుడుస్తూనే ఉంటుంది. మొగుడి బ్రీఫ్‌కేసు, కారు బంపరు కూడా వదలదు. ఆ యంత్రాలన్నీ ఉండి కూడా ఆవిడ పని తగ్గలేదనే సంగతి సినిమాలో కనపడుతుంది, కానీ తాతి దాని మీద నిలబడడు.

ఇంకో విషయం కూడా సినిమాలో లేదు. ‘మోనోంక్ల్’ పారిస్‌లో విడుదలైంది 1958 మే 10న. మూడు రోజులకి, మే 13న, అప్పటికి ఫ్రాన్స్ పాలనలోనే ఉన్న అల్జీరియాలోని అల్జీర్స్‌లో తిరుగుబాటు జరిగింది. జూన్ 1కి జనరల్ ద గోల్ మళ్లీ అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాది తిరక్కుండానే నాలుగో రిపబ్లిక్ పోయి ఐదో రిపబ్లిక్ వచ్చింది, అంటే రాజ్యాంగమే మారింది. ఆ గొడవ మధ్యలోనే కాన్ చలనచిత్రోత్సవం జరిగి, ఈ సినిమాకి జ్యూరీ ప్రత్యేక బహుమతి ఇచ్చారు. అల్జీరియా యుద్ధానికి వేల మంది ఫ్రెంచ్ కుర్రాళ్లు పోతున్న రోజుల్లో తెర మీద మెరిసే నేల, మూసిన గేటు. అమెరికన్ పరిశోధకురాలు క్రిస్టిన్ రాస్ 1995లో రాసిన పుస్తకంలో, వలసలు చేజారుతున్న కాలంలోనే ఫ్రాన్స్ కారు, వంటగది, శుభ్రత అంటూ ఇంట్లోకి ముడుచుకుందని వాదించింది. ఆ వాదన చదివాక ఆ మూసిన గేటు నాకు మరోలా కనిపించింది. తాతి అంత దూరం ఆలోచించి పెట్టాడని మాత్రం అనను.

ఇప్పుడు మాటలు వినపడకపోవడం సంగతి. మా ఫిల్మ్ క్లబ్‌లో ఈ సినిమా వేసినప్పుడల్లా అరగంట కాకుండానే ఎవరో ఒకరు సబ్‌టైటిల్స్ పోయాయా అని అడుగుతారు. పోలేదు. తాతి కావాలనే మాటల్ని వంటింట్లోంచి వచ్చే చప్పుడు స్థాయికి తగ్గించాడు. షూటింగ్ అయ్యాక శబ్దాలన్నీ స్టూడియోలో విడిగా చేసి కలిపేవాడు. అందుకే మదాం ఆర్పెల్ మడమల టకటక, ఫ్యాక్టరీలో సెక్రటరీ బుడిబుడి నడక చప్పుడు, ఆ వంటగది రొద, చేప గుడగుడ అంత విడివిడిగా వినిపిస్తాయి. పాత పేటకి వెళ్లగానే ఈ లోహపు చప్పుళ్లు పోయి మనుషుల గొంతులు, వాద్యాల పాట వస్తాయి. ఉలో వంటగదిలో ఒక కూజా జారవిడిస్తే అది రబ్బరు బంతిలా ఎగురుతుంది. ఇదేదో బాగుందే అని ఇంకొకటి జారవిడుస్తాడు, అది భళ్లున పగులుతుంది. ఈ హాస్యం మొత్తం చెవికే. సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ (1987) చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. మాటలు తీసేస్తే చిన్న చప్పుడు ఎంత పని చేస్తుందో ఆ సినిమా మనకు నేర్పింది. తాతి మాటలు పూర్తిగా తీసెయ్యడు, పలచబరుస్తాడంతే.

ఇక హీరో నోరు విప్పడన్నదానికి వస్తే, తాతి అసలు వచ్చిందే మైమ్ నుంచి, అంటే మాటల్లేకుండా ఒంటితోనే నటించే కళ నుంచి. 1907లో పుట్టాడు, ఇంటిపేరు తాతిషెఫ్, రష్యన్ మూలాలు. ఇంట్లో బొమ్మలకు ఫ్రేములు కట్టే వ్యాపారం. రగ్బీ ఆడేవాడు. జట్టులో తోటివాళ్లను అనుకరించి నవ్వించడంతో మొదలుపెట్టి, 1930లలో పారిస్ మ్యూజిక్ హాళ్లలో ఆటగాళ్లను, ఎక్కిన గుర్రాన్ని సైతం ఒంటితోనే చేసి చూపించే స్థాయికి వెళ్లాడు. కొలెత్ లాంటి పెద్ద రచయిత్రి అతని గురించి మెచ్చుకుంటూ రాసింది. ఇంత నైపుణ్యం ఉన్న నటుడు సినిమాలో మాత్రం తన పాత్రను అంచుకి నెట్టేశాడు. కెమెరా దూరంగా ఉంటుంది, క్లోజప్ దాదాపు లేదు. ఫ్రేములో ఎడమ మూల ఒకటి, కుడి మూల ఒకటి జరుగుతుంటాయి, ఎక్కడ చూడాలో మీ ఇష్టం. చాప్లిన్ సినిమాలో నవ్వు చాప్లిన్ దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఉలో ఒట్టి సాకు. అతను అలా నడిచిపోతాడు, చుట్టూ ఉన్నవాళ్లు తమంతట తామే నవ్వులపాలవుతారు. రాత్రిపూట ఆ ఇంటి పై రెండు గుండ్రటి కిటికీల్లో ఆర్పెల్ దంపతుల తలలు నల్లగా నిలబడి, ఇల్లే కళ్లు తిప్పుతూ చూస్తున్నట్టు కనపడే షాట్‌లో ఉలో చేసేదేమీ లేదు. ఆ హాస్యబిందువుల్లో చాలావాటికి బొమ్మలు గీసి పెట్టింది ప్యేర్ ఎతెక్స్, తర్వాత తనూ మంచి దర్శకుడయ్యాడు. పోస్టరు గీసింది కూడా అతనే.

ఇంకా గొప్ప సీను గరాజ్‌ది. పెళ్లిరోజు కానుకగా అమర్చిన గరాజ్ తలుపుకి ఎవరైనా దాటితే పనిచేసే కరెంటు కన్ను ఉంటుంది. వాళ్ల పెంపుడు కుక్క ఆ కంటి ముందు నడవగానే తలుపు మూసుకుని దంపతులిద్దరూ లోపల ఇరుక్కుంటారు. పనిమనిషిని ఆ కంటి ముందు నడవమని బతిమాలతారు. కరెంటు కొడుతుందని ఆ పిల్ల వణుకుతుంది. ఇక్కడ యంత్రం పాడవలేదు, చెప్పినట్టే పనిచేసింది. అందుకే ఇది యంత్రాల మీద జోకు కాదంటాను. తాతి స్వయంగా యంత్రాలంటే పడని మనిషి కాదు. ‘జూర్ ద ఫెత్’ని అప్పటికి కొత్త రంగుల ఫిల్మ్ పద్ధతైన థామ్సన్‌కలర్‌లో తీశాడు. ప్రింట్లు వేయడం కుదరక, పక్కన జాగ్రత్తగా తీసుకున్న నలుపు తెలుపు కాపీనే విడుదల చేయాల్సొచ్చింది. రంగుల కాపీ ఆయన పోయాక, 1995లో ఆయన కూతురి పూనికతో బయటికొచ్చింది. ‘ప్లేటైమ్’ (1967) కోసం 70 ఎంఎం ఫిల్మ్, గాజు భవనాలతో ఒక చిన్న నగరమే కట్టించి అప్పులపాలయ్యాడు. చివరికి తన సినిమాల మీద తనకే హక్కు లేకుండా పోయింది.

ముగింపు మీకు అర్ధాంతరంగా అనిపించిందన్నారు. మళ్లీ ఆ విమానాశ్రయం సీను వేసుకుని చూడండి. మొదట్లో పిల్లలు ఒక ఆట ఆడతారు: దారినపోయేవాడు స్తంభం దగ్గరికి రాగానే ఈల వేస్తారు, అతను తల తిప్పి చూస్తూ వెళ్లి స్తంభానికి కొట్టుకుంటాడు. చివర్లో ఉలో వెళ్లిపోతుంటే అతన్ని పిలవడానికి ఆర్పెల్ ఈల వేస్తాడు, పక్కన ఎవరో వెళ్లి స్తంభానికి కొట్టుకుంటాడు. తండ్రీ కొడుకులు దొంగల్లా దాక్కుంటారు. జెరార్ చెయ్యి తండ్రి చేతిలోకి వెళుతుంది. మేనమామని తరిమేశాకే తండ్రి కొడుక్కి దొరికాడు. పాత మంచిది కొత్త చెడ్డది అనే సినిమా అయితే ఇలా ముగియదు. ఆర్పెల్‌ని అలాగే వదిలేసేది.

ఆస్కార్ మాట ఎత్తారు కాబట్టి ఒక్క ముక్క. 1959లో ఉత్తమ విదేశీ భాషా చిత్రం బహుమతి దీనికే వచ్చింది. అప్పుడు హాలీవుడ్‌లో తాతి కోరింది మూకీల నాటి మాక్ సెనెట్‌ని, స్టాన్ లారెల్‌ని, బస్టర్ కీటన్‌ని కలవడమట. సరిగ్గా అప్పుడే ఫ్రాన్స్‌లో త్రూఫో, గొదార్ లాంటి కుర్ర దర్శకుల తరం చేతి కెమెరాలతో అసలైన వీధుల్లోకి వచ్చేస్తోంది. సెట్టు వేసి, ప్రతి అడుగు చప్పుడూ కొలిచి సినిమా తీసే తాతి వాళ్ల పక్కన వెనకటి మనిషిలా కనిపించాడు. ఇప్పుడు చూస్తే ఆ ఫ్రేములు వాళ్లకన్నా కొత్తగా ఉన్నాయని నా అభిప్రాయం. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

మీరు చూసింది ఏ కాపీనో కూడా ఓసారి సరిచూసుకోండి. ఇంగ్లిష్‌లో ‘మై అంకుల్’ అని కొంచెం చిన్న కాపీ ఒకటుంది. అది డబ్బింగ్ కాదు, రెండిటినీ పక్కపక్కనే తీశారు, బోర్డులు కూడా మార్చారు. అందులో ఆర్పెల్ ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడతారు, పాత పేటవాళ్లు ఫ్రెంచ్‌లోనే ఉంటారు. కుతూహలంగా ఉంటుంది గానీ మొదటిసారికి ఫ్రెంచ్ కాపీయే మంచిది. సబ్‌టైటిల్స్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్‌లో కాకుండా వీలైనంత పెద్ద తెర మీద చూడండి. ఇరవై నిమిషాల చొప్పున చూసినా నష్టం లేదు, కథ తెగిపోదు. ఇది నచ్చితే తర్వాత ‘ప్లేటైమ్’కి వెళ్లండి. నచ్చకపోతే 1953లో వచ్చిన ఉలో సెలవుల సినిమా వేసుకోండి, సముద్రపు ఒడ్డు హోటల్ కథ, గంటన్నరలో అయిపోతుంది. ఉలో అక్కడ ఇంకా తేలికగా దొరుకుతాడు.